మట్టికుండలోని క్రయపత్రము

(మన పాఠశాల క్రిస్మసు సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



ప్రతి సంవత్సరమును ఈ సభకు ఎవరైన ఒక అయ్యగారు విచ్చేసి దైవసందేశము వినిపించుట మన ఆచారము. ఈ యేడు వారికి వీలుపడనందున ఆ భారము మాపై పడినది. మేము వేదశాస్త్రము చదివినవారము కాము. సుద్దముక్క పట్టి బ్రదికినవారము. ఈ సభలో హిందువులు కలరు, మహమ్మదీయులు కలరు, క్రైస్తవులు కలరు. మేము చెప్పబోవునది మేము నమ్మిన విశ్వాసమును గూర్చియే యైనను, దానిని ఎవరిమీదను మోపుట మా యుద్దేశము కాదు. చీకటిదినములలో మా యింట దీపము ఏ నూనెతో వెలిగినదో, ఆ మాట మాత్రము మీతో చెప్పుకొందుము.

నేటి విషయము చింత. “చిత” యను మాటకు ఒక్క సున్న చేర్చినచో “చింత” యగునని మాకు చదువు చెప్పిన తెలుగు పంతులుగారు అనుచుండెడివారు. మొదటిది ప్రాణము పోయినవారిని కాల్చును; రెండవది ప్రాణముతో నున్నవారిని కాల్చును.

ఈ సభలో చింత లేనివారెవ్వరు? పదవ తరగతి పిల్లలకు పరీక్ష దగ్గరపడుచున్నది. అది గడచినపిదప కన్నడములోనో ఆంగ్లములోనో చదువవలసిన కళాశాల వారియెదుట నిలిచియున్నది. వారి తండ్రులలో పలువురు తెల్లవారకమునుపే లేచి, మారికుప్పములోనో ఊరుగాములోనో బండి యెక్కి బెంగుళూరు పోయి, రాత్రి పిల్లలు నిద్రించిన పిదప ఇల్లు చేరువారు. ఆ పని రేపు నిలుచునో ఊడునో వారికే తెలియదు. తల్లులకు ఇంటి బాడుగ, పెండ్లికెదిగిన పిల్ల, ముసలివారి మందులు. మాకును ఒక చింత కలదు. దానిని కడపట చెప్పుదుము.

మనము కాపురముండు ఈ బంగారు గనుల ప్రదేశము ఎన్నియో మార్పులు చూచినది. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇచట పని ప్రారంభించిరి. 1902లో కావేరీతీరమందలి శివనసముద్రమునుండి, 140 కిలోమీటర్లకు పైబడిన దూరము తీగలపై ప్రయాణము చేసి, విద్యుచ్ఛక్తి ఇచటికి వచ్చినది. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగి, లోకములోని మిక్కిలి లోతైన గనులలో ఒకటిగా పేరు గాంచినది. నూటయిరువది యేండ్లలో సుమారు 800 టన్నుల బంగారము ఈ నేలనుండి వెలికివచ్చినది. తమిళ జిల్లాలనుండియు, చిత్తూరు మొదలగు తెలుగు ప్రాంతములనుండియు కూలికై వచ్చిన మన పెద్దలు లైన్లలో కాపురములు పెట్టిరి, గుడులు కట్టుకొనిరి, తమ పిల్లలు తమ భాషలో నాలుగక్షరములు నేర్వవలెనని కోరిరి. ఆ కోరికయే ఈ పాఠశాల.

2001 ఫిబ్రవరి 28వ తేదీని గనులు మూతబడినవి. ఆనాడు బుధవారము. పంచాంగము తిరుగవేసి చూచినచో, క్రైస్తవులకు శ్రమలకాలము మొదలగు భస్మ బుధవారము సరిగా ఆ దినముననే వచ్చియుండెను. మనిషి మంటినుండి వచ్చి మంటికే పోవునని జ్ఞాపకము చేసికొను దినమది. నాటి నుండి మంటిలోనికి దిగి బ్రదికినవారికి ఆ మన్ను కూడ లేకపోయెను.

మా తండ్రిగారు లోపలిపని చేసినవారు. గనిలో కప్పు క్రుంగకుండ దూలములును గుంజలును నిలబెట్టుట వారి పని. గుంజ కొండను మోయునని మేము చిన్ననాట అనుకొనెడివారము. వారు నవ్వి, గుంజ కొండను మోయలేదనియు, కొండ కదలుటకు ముందు గుంజ మూలుగుననియు, ఆ మూలుగు విన్నవాడు వెలుపలికి రావచ్చుననియు, ఆ కాస్త వ్యవధి కొరకే గుంజ నిలబెట్టుదుమనియు చెప్పెడివారు.

గనులు మూతబడిన పిదప వారి తీరు చూచిన మా కడుపు తరుగుకొనిపోయెడిది. పాత అలవాటు చొప్పున తెల్లవారుజామున లేచెడివారు. స్నానము చేసి, చొక్కా తొడిగి, గడపమీద కూర్చుండెడివారు. గని కూత కొరకు చెవి యొగ్గినట్లుండెడివారు. కూత రాదు. మా తల్లిగారు అన్నపు క్యారియరును ఊరకయే కడిగి బోర్లించెడివారు.

మేమప్పటికి క్రొత్తగా ఉద్యోగమున చేరినవారము. చదువుకొన్నామను గర్వము కొంత, ఆదివారపు బడిలో పాఠము చెప్పుచున్నామను గర్వము కొంత. ఒకనాటి ప్రొద్దున తండ్రిగారియెదుట నిలిచి, చింతపడవద్దని ప్రభువు చెప్పెను గదా, ఆకాశపక్షులకు ఆహారము దొరకుచున్నది గదా, సంఘపెద్దలైన మీరే యిట్లు క్రుంగుట విశ్వాసలోపము కాదా యని అడిగితిమి. వారు మారుపలుకలేదు. ఆ దినము అన్నము ముట్టలేదు. మాట తప్పు కాదు. దానిని పలికిన తీరు తప్పు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టక, ఆకలిగొనుట తప్పని బోధించినట్లాయెను. ఆ ప్రొద్దు తలపునకు వచ్చినప్పుడెల్ల నేటికిని సిగ్గుపడుచున్నాము.

శ్రమలకాలమున సాయంకాలములందు లైన్లలో ఇంటింట ప్రార్థనకూటములు జరుగుట వాడుక. ఒక సాయంకాలము ఉపదేశిగారు యిర్మీయా గ్రంథమునుండి 32వ అధ్యాయము చదివిరి. ఆ కథను క్లుప్తముగా చెప్పుదుము. పిల్లలు శ్రద్ధగా వినవలెను.

క్రీస్తు పుట్టుటకు ఇంచుమించు 587 సంవత్సరములకు ముందు, బబులోనురాజైన నెబుకద్నెజరు సైన్యము యెరూషలేమును ముట్టడించియుండెను. పట్టణములో ఆహారము తరుగుచుండెను. ఈ పట్టణము శత్రువుల చేతికి చిక్కునని నిజము పలికినందుకు యిర్మీయా ప్రవక్తను సిద్కియారాజు చెరసాల ఆవరణమున నుంచెను. అట్టి సమయమున పినతండ్రి కుమారుడు హనమేలు వచ్చి, అనాతోతు గ్రామములోని తన పొలమును కొనుమని అతనిని అడిగెను. అనాతోతు ప్రవక్తగారి స్వగ్రామము. యెరూషలేమునకు ఈశాన్యమున ఆమడకంటె తక్కువ దూరము. ఆ పల్లెలన్నియు అప్పటికి శత్రువు చేజిక్కినవే యనవచ్చును. పిల్లలారా, లెక్కలు నేర్చిన మీరు చెప్పుడు: అట్టి పొలమునకు వెల యెంత? చిల్లిగవ్వ చేయదు.

అయినను యిర్మీయా కొనెను. పదియేడు తులముల వెండి తూచి యిచ్చెను. ఆ తులము మన తులమువంటిదే. వెండి మొత్తము నేటి తూనికలో 200 గ్రాములకు కొంచెము తక్కువ. క్రయపత్రము వ్రాయించెను, సాక్షులచేత సంతకములు చేయించెను, ముద్ర వేసిన ప్రతి యొకటి, ముద్ర వేయని ప్రతి యొకటి, రెండింటిని లేఖకుడైన బారూకు చేతికిచ్చి, బహుదినములు చెడకుండుటకై మట్టికుండలో ఉంచుమనెను. ఈ దేశమున ఇండ్లును పొలములును ద్రాక్షతోటలును మరల కొనబడునని దేవుడు చెప్పిన మాటకు అది గుర్తు.

పత్రము బారూకు చేతికిచ్చిన పిదప ఆ ప్రవక్త దేవునికి ప్రార్థించెను. ఆ ప్రార్థనలో ధైర్యము కంటె కలవరమే యెక్కువ. ముట్టడిదిబ్బలు పట్టణమునంటినవి, కత్తియు కరవును తెగులును వచ్చిపడినవి, ఇట్టియెడ పొలము కొనుమంటివేమి ప్రభువా యని అతడు దేవునినే అడిగెను.

ఆ రాత్రి లాంతరు పట్టుకొని ఇంటికి నడచుచుండగా తండ్రిగారు చాలదూరము మాటాడలేదు. సైనైడు దిబ్బ మలుపు దగ్గర ఆగి, “ముందు కొన్నాడు. తర్వాత ఏడ్చినాడు” అనిరి. అంతమాత్రమే.

సోమవారము నాడు వారు పెట్టె తెరచి రంపము, బాడిస, ఉలి వెలికి తీసిరి. సంఘపు దేవాలయములో కాళ్లు విరిగిన బెంచీలు కొన్ని మూలపడియుండెను. వానిని బాగుచేయుడని ఎవరును వారిని అడుగలేదు. కూలి ఇత్తుమనియు ఎవరును చెప్పలేదు. కొండ క్రింద గుంజ నిలిపిన చేయి బెంచికి కాలు అమర్చుచుండెను. అవి చూచి ఒకరు తలుపు చేయుమనిరి, మరియొకరు కిటికీ. బంగారుపేటలో కొంత పని దొరకెను. గనిలో వచ్చిన జీతము మరల యెన్నడును రాలేదు. కొన్ని రాత్రులు నిద్ర పట్టక వారు గడపమీద కూర్చుండుటయు మానలేదు. అయినను ప్రొద్దున లేచుటకు ఒక కారణము కలిగెను. వారు తరువాత చేసిన బెంచీలలో నాలుగు మన పాఠశాలలోనే కలవు. అయిదవ తరగతి పిల్లలు నేడు వానిపై కూర్చుండియే మా మాట వినుచున్నారు.

తండ్రిగారి ఆ రెండు మాటలను ఇన్నేండ్లుగా మేము మనస్సున త్రిప్పుకొనుచున్నాము. చింత తీరిన పిదప పని చేయుదమని మనమందరము అనుకొందుము. ధైర్యము వచ్చిన పిదప అడుగు వేయుదమని కూర్చుందుము. యిర్మీయా అట్లు కూర్చుండలేదు. దేవుడు చూపిన చిన్నపనిని కలవరముతోనే చేసెను. ఆ కలవరమును దాచక దేవునియెదుట పెట్టెను. విశ్వాసమనగా గుండె దడ లేకుండుట కాదు. దడదడలాడు గుండెతో, వణకు చేతితో, పత్రముపై సంతకము చేయుట.

ఆకాశపక్షుల మాటకును ఇదియే అర్థమని మాకు తోచుచున్నది. గూటిలో కదలక కూర్చున్న పక్షి నోటికి గింజ రాదు. పక్షి ప్రొద్దుననే లేచి రెక్క విదిలించును. రేపటి గింజను గూర్చి నేడు దిగులుపడదు. నేటి గింజకై నేడు ఎగురకయు మానదు.

ఇంకొక సంగతి. ఆ పొలమున యిర్మీయా ఒక్క పంట కోసినట్లు గ్రంథములో ఎచ్చటను లేదు. యెరూషలేము కూలినది. తరువాత అతనిని తనవారే ఐగుప్తునకు తీసికొనిపోయిరి. అతని కథ ఆ పరదేశముననే మన కన్ను మరుగగును. అయినచో ఆ వెండి వృథాయా? బబులోను రాజ్యమును జయించిన పారసీకరాజు కోరెషు క్రీస్తునకు పూర్వము 538లో చెరపట్టబడినవారిని స్వదేశమునకు పోవ సెలవిచ్చెను. అట్లు తిరిగి వచ్చినవారి పట్టిక ఎజ్రా గ్రంథము 2వ అధ్యాయమున కలదు. ఊరి పేరు, జనసంఖ్య, ఊరి పేరు, జనసంఖ్య: మన హాజరుపట్టీవలె ఉండును. దానిని చదువువారు అరుదు. అందులో 23వ వచనమున అనాతోతువారు 128 మంది యని యున్నది.

నూట యిరువదియెనిమిది మంది! ఈ లెక్క మా కంటబడిన దినమున మేము గ్రంథము మూసి కొంతసేపు ఊరకుంటిమి. కొన్నవాడు చూడలేదు. కొన్న యూరు మాత్రము నిండినది. నిరీక్షణ యనగా నాకు దొరకునను ఆశ మాత్రమే కాదు. నా తరువాతివారికి దొరకునను నమ్మికయు అదియే. మన తాతలు లైన్లలోని ఇరుకింటిలో కాపురముండి ఈ పాఠశాలకై అణాలు కూడబెట్టినప్పుడు మీ ముఖములు చూచిరా? చూడలేదు. అయినను ఇచ్చిరి.

నేడు క్రిస్మసు సభ గనుక క్రీస్తుప్రభువును గూర్చి చెప్పక ముగింపరాదు. ఆ జన్మకథ అంతయు మార్పుల కథయే, వలస కథయే. ప్రజాసంఖ్య వ్రాయించుకొనుటకై నిండు చూలాలితో ప్రయాణము. దిగిన ఊరిలో సత్రమున స్థలము లేమి. బిడ్డకు పశువుల తొట్టి. పిమ్మట రాజు కత్తికి వెరచి రాత్రికి రాత్రి పొరుగుదేశమునకు పరుగు. పరభాష పలుకు నేలపై పిల్లను పెంచుట యెట్లో యోసేపు మరియమ్మలకు తెలియును. మన తెలుగు కుటుంబములకు ఆ దంపతులు క్రొత్తవారు కారు.

ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై, సిలువకు ముందటి రాత్రి గెత్సేమనే తోటలో మిక్కిలి కలవరపడెనని సువార్తలు దాచక చెప్పుచున్నవి. ఆ గిన్నె తొలగింపుమని మూడుమారులు ప్రార్థించెను. తోడుండుమని కోరిన శిష్యులు నిద్రించిరి. గిన్నె తొలగలేదు. ఆయన లేచి ఎదురుగా నడచెను. చింతపడువారిని చూచి దేవుడు ముఖము త్రిప్పుకొనునని మేము నమ్మలేకపోవుటకు కారణము ఇదియే. ఆయనయే ఆ తోటలో నుండెను. మూడవనాడు సమాధి తెరువబడినదను సాక్ష్యముపై మా నిరీక్షణ నిలిచియున్నది. పోయిన ఉద్యోగము తప్పక వచ్చునని మాకు ఎవరును మాట యియ్యలేదు. మూతబడిన గని మా తండ్రిగారి కొరకు తెరువబడలేదు. అయితే మనిషిని పాతిపెట్టిన చోటు కడపటి చోటు కాదను మాట మాత్రము మాకీయబడినది. దానిని నమ్మి వారు కన్నుమూసిరి.

పిల్లలారా, పెద్దలారా, ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. చింత కొన్నిసార్లు ముదిరి వ్యాధి యగును. వారముల తరబడి నిద్ర లేకున్నను, అన్నము సహింపకున్నను, బ్రదుకు వలదను తలపు పుట్టినను, దానిని విశ్వాసలోపమని దాచుకొనకుడు. తల్లితోనో, ఉపాధ్యాయునితోనో వెంటనే చెప్పుడు, వైద్యునియొద్దకు పొండు. ఏలీయా ప్రవక్త అరణ్యమున బదరీవృక్షము క్రింద పడి చావు కోరినప్పుడు దేవుడు మొదట అతనికి ఉపన్యాసము చెప్పలేదు. నిద్రపోనిచ్చెను. రొట్టెయు నీళ్లును పెట్టించెను. మరల నిద్రపోనిచ్చి మరల పెట్టించెను. బోధ పిమ్మట వచ్చినది. గడపమీద కూర్చున్న తండ్రికి మేము చేయవలసియుండినదియు అదియే: ముందు ప్రక్కన కూర్చుండుట. మీ ఇండ్లలో అట్లు కూర్చున్నవారుండినచో, మా తప్పు మీరు చేయకుడు. గుంజ మూలిగినప్పుడు దానిని తిట్టరాదు, విని చేరబోవలెను.

ఇక మా చింత చెప్పుదుమంటిమి. ఈ పాఠశాలలో ఒకటవ తరగతిలో చేరు పిల్లలు ఏటేట తగ్గుచున్నారు. ఈ యేడు చేరినవారిని చేతివ్రేళ్లపై లెక్కింపవచ్చును. తెలుగులో చదివిన ఏమి వచ్చునని అడుగు తలిదండ్రులను మేము నిందింపము. వారి చింత వారిది. కాని రాత్రివేళ ఈ శాల తలుపులు మూసిన దృశ్యము మా కన్నులలో మెదలును. చొక్కా తొడుగుకొని గడపమీద కూర్చుండు వంతు మాకు వచ్చునేమో యని భయము కలుగును.

పోయిన నెలలో పాత ప్రవేశపు రిజిస్టరు నిండిపోయినది. క్రొత్తది కొనుటకు మా గుమాస్తాగారితో బంగారుపేట పోతిమి. దుకాణమువాడు పలుచని పుస్తకమొకటి, లావైన పుస్తకమొకటి చూపెను. గుమాస్తాగారు పలుచనిది చేత పట్టుకొని, “ఇది చాలదా అయ్యా? మనకింత లావు పుస్తకమెందుకు?” అనిరి. వారి మాటలో తప్పులేదు. లెక్క ప్రకారము పలుచనిదే చాలును. మేము కొంత తడవు నిలిచి, అనాతోతును తలచుకొని, లావైనదానినే కొంటిమి. బస్సులో తిరిగి వచ్చునప్పుడు ఆ పుస్తకము ఒడిలో పెట్టుకొని దేవునితో మా కలవరమంతయు చెప్పుకొంటిమి. ముందు కొంటిమి, తరువాత ఆ మాట చెప్పుకొంటిమి. ఆ రిజిస్టరు ఇప్పుడు మా గది బీరువాలో కలదు. దాని పుటలన్నియు మా చేతివ్రాతతో నిండవు. మేము ఉద్యోగవిరమణ చేయుటకు కొద్ది యేండ్లే కలవు. తరువాత వచ్చువారు వ్రాయుదురు గాక.

మేమందరము మట్టికుండలమే. పౌలు అపొస్తలుడును మనుష్యుని అట్లే పోల్చెను. కుండకు పగులు రావచ్చును. లోనున్న పత్రము మాత్రము చెల్లునది.

పదవ తరగతి బాలబాలికలారా, మీరు రేపు క్రొత్త ఊరికి, క్రొత్త భాషకు, క్రొత్త పనికి పోవువారు. భయము కలుగును, కలుగనిండు. భయముతోనే మొదటిదినము మొదటి పాఠము వ్రాసికొనుడు. ఆ రాత్రి దేవునితో ఏడ్వవలెనన్న ఏడ్వుడు. వీలైనప్పుడు తెలుగులో ఇంటికొక ఉత్తరము వ్రాయుడు. ఏ దినమైన ఈ త్రోవను వచ్చినచో, మా గదిలోనికి వచ్చి ఆ లావు పుస్తకమెంతవరకు నిండినదో చూచి పొండు.

దేవుడు మిమ్ము, మీ యిండ్లను, ఈ శాలను దీవించును గాక.